గంపకు కట్టిన పుంజు

ఆ రోజు శంషాబాద్ అంగట్లో నా పెట్టుబడి రెండే: ఒక గంపెడు కోడిపిల్లలు, రెక్క చూసి పెట్టో పుంజో చెప్పగలనన్న పేరు. అంతలో, కొన్ని నెలల కింద నా దగ్గర పిల్లల్ని కొన్న కొత్వాల్‌గూడ ఆమె ఒక పుంజును చంకన పెట్టుకొని వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నీ పెట్టలే అంటివి. సగానికెక్కువ కూస్తున్నయి. ఏందన్నా ఇది?"

"మేతలో తేడా వచ్చుంటుందమ్మా."

"మేతకు పెట్ట పుంజయితదా? జర సిగ్గుండాలె."

"మర్యాదగా మాట్లాడండి. రెక్క చూసే ఇచ్చాను. పెట్టపిల్లకు రెక్క చివరి ఈకలు పొడుగ్గా ఉంటాయి."

ఆమె నా గంపలోంచి ఒక పిల్లను తీసి నా చేతిలో పెట్టింది.

"అయితే దీని రెక్క చూసి చెప్పు."

"ఇది వారం పిల్ల. ఆ తేడా పుట్టిన రోజే తెలుస్తుంది. తర్వాత అన్నీ ఒకటే."

"మరి నాకమ్మినయి?"

నేను గంప మీద గుడ్డ సర్దాను.

"వారం పిల్లలని నువ్వే చెప్పి అమ్మినవు. భూమి ఎయిర్‌పోర్టుల పోయినంక గుడ్లమ్మి బతుకుదమనుకున్న. ఇగ పుంజులు గుడ్లు పెడ్తయా?"

"కూరకు అమ్ముకోండి. నేను మాత్రం వెనక్కి తీసుకోను."

"వాటిని అమ్ముకుంట. దీన్ని నీకు ఉత్తగనే ఇస్తున్న." పుంజు కాలికి తాడు కట్టి నా గంపకు ముడేసింది. "నువ్వు పెట్టలన్నప్పుడల్లా ఇదే జవాబు చెప్తది."

ఆమె వెళ్ళాక గొంతు సవరించుకొని, "రండమ్మా, అన్నీ పెట్టలే!" అని కేకేశాను. పుంజు కూసింది. అంగడంతా నవ్వింది.

సాయంత్రానికి గంప నిండుగానే ఉంది, పేరు పోయింది. వచ్చిన లాభమల్లా ఒక పుంజు.