మబ్బుకి కట్టేసిన విమానం

విమానాశ్రయం సిబ్బంది గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో బాబాయ్ బెంచీ ఎక్కాడంటే, ఇక ఎవరి టీ వాళ్ళు చల్లార్చుకోవాల్సిందే. ఆయన ఎవరికీ వరసకి బాబాయ్ కాదు. విమానాన్ని వెనక్కి నెట్టే ట్రాక్టరు ఆయనది. నోటితో మాత్రం విమానాన్నే నడిపేస్తాడు.

ఆ మధ్యాహ్నం ఆయన్ని కదిపింది విమానంలో సీట్లు తుడిచే అమ్మాయి. వారం నుంచీ ఆమెకి ఏమీ పాలుపోవడం లేదు. పొద్దుటి విమానం ఖాళీగా వస్తోంది, ఖాళీగా పోతోంది. ఎవరూ కూర్చోని సీట్లని రోజూ తుడుస్తోంది. కంపెనీ మునుగుతోందా, డబ్బెక్కువై తిరుగుతోందా? అక్క మొగుడేమో తను మేనేజరుగా ఉన్న బస్సు డిపోలో బస్సులు కడిగించే పని ఖాళీగా ఉందని, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమని కూర్చున్నాడు. ఆ పని సంగతి మొన్నే బాబాయ్‌కి చెప్పుకుంది.

"ఖాళీ విమానమా? ఆ సలహా నాదే తల్లీ! మన ఓనరు రన్‌వే పక్కన తల పట్టుకుని కూర్చుంటే, ఏంటి సార్ అన్నా. జనం లేరోయ్, పోనీ మానేద్దామంటే ఇక్కడ దిగి ఎగరడానికి మనకిచ్చిన టైము వాడుకోలేదని ప్రభుత్వం దాన్ని పక్క కంపెనీకి ఇచ్చేస్తుంది అన్నాడు. ఓస్ అంతేనా, బస్సులో సీటుకి రుమాలు వేసినట్టు ఆ టైముకో ఖాళీ విమానం వేసేయండి అన్నా."

ఆయిలు ట్యాంకరు డ్రైవరు పొలమారేలా నవ్వాడు. "కొయ్ బాబాయ్, కొయ్! జనం లేకుండా ఎవడు ఎగరేస్తాడు?"

అమ్మాయికి నవ్వు రాలేదు. ఖాళీగా ఎగురుతోందన్న ఆ ఒక్క మాటా నిజమని ఆమెకి తెలుసు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయిలు మీద పన్ను పెంచారు. నాకు ఒళ్ళు మండి ట్రాక్టరుతో ఒక్క తోపు తోశా. విమానం వెనక్కి వెనక్కి పోయి పక్క ఊళ్ళో దిగింది. చుక్క ఆయిలు కాల్లా!"

"వెనక్కే?" అంది టీ కొట్టు అక్క.

"వెనక్కే. వెనక్కి పోయాం కాబట్టి టికెట్టు డబ్బులు కూడా వెనక్కిమ్మని జనం గొడవ. అదలా ఉంచు. నేల మీద నిలబెడితే గంటకింతని అద్దె కదా, నేనేం చేశా? తీసుకెళ్ళి మబ్బుకి కట్టేశా! మర్నాడు మంత్రిగారే ఫోను. అయ్యా, మీరిలా చేస్తే విమానాశ్రయాలన్నీ మూతబడతాయి, విధానమేదో మీరే రాసిపెట్టండి అని. రాశా. మబ్బుల మీద కూడా పన్నెయ్యమని రాశా."

"నీ మబ్బు మీద నువ్వే పన్నా?" అంది టీ కొట్టు అక్క.

"దేశం ముఖ్యమమ్మా!"

మబ్బు మాటకి డ్రైవరు తల కూడా ఊపుతున్నాడు. నిజం చెబితే నవ్వి, కోత కోస్తే తల ఊపుతుంటే ఏది నమ్మాలో అమ్మాయికి అంతుపట్టలేదు. భయమేసింది. ఉన్న పనీ పోయి, వచ్చే పనీ చెయ్యిజారితే పిల్లలతో ఎక్కడికి పోవాలి?

"కోతలు తర్వాత బాబాయ్. మన కంపెనీ నిలబడుతుందా? బావకి ఏం చెప్పను?"

"వద్దని చెప్పు! నేనుండగా ఈ కంపెనీకి ఢోకా ఏంటి? ఇప్పుడే చెప్పేయ్, నా ఎదురుగా!"

ఇన్నేళ్ళుగా విమానాలు నెట్టిన మనిషి, ఆయనకి తెలియకపోతుందా అనుకుంది. అక్కడే బావకి ఫోను చేసి, నాకొద్దు బావా అంది. అవతల బావ హమ్మయ్య అన్నాడు. ఆయన చెప్పిన మాట విని ఆమె బాబాయ్ వైపు తిరిగింది. తర్వాత ఫోను చేత్తో మూసింది.

"బాబాయ్, పొద్దున్నుంచీ ఫోన్లు చేసి, ఆ పని నీకిమ్మని మా బావ ప్రాణం తోడేస్తున్నావట. రేపే చేరతావా అని అడుగుతున్నాడు."

బాబాయ్ ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

"బావా," అంది అమ్మాయి ఫోనులో, "నేనే వస్తున్నా."