వంకర గొట్టాల అర

బట్టల కొట్టువాళ్ళు పారేసిన అట్ట గొట్టాలను ముక్కలుగా కోసి, అడ్డంగా పేర్చి అంటించి, వదిన కుట్టుమిషను పక్కన దారపు రీళ్ళకు అర చేశాడు మరిది. ఆవిడ దాన్ని చేత్తో తడుముతోంది.

“విప్పేస్తా వదినా. రంపం నా మాట వినలేదు. ఒకటి ముందుకొచ్చింది, ఒకటి వెనక్కి పోయింది. పళ్ళూడిన నోరులా ఉంది.”

“ఉండనీ. ఈ పొడుగుదాంట్లో ఏం పెట్టావు?”

“నల్ల దారం.”

“కింద పొట్టిదాంట్లో?”

“తెల్లది.”

“ఈ వంకరగా తెగినదాంట్లో?”

“ఎర్రది. అది మరీ సిగ్గుచేటుగా ఉంది.”

“దాని జోలికి అసలు పోకు. నాకిప్పుడు రంగులు కంటికి ఆనడం లేదు. నిన్న ఎర్ర జాకెట్టుకు నల్ల దారంతో కుట్టాను. ఇక మిషను అమ్మేద్దామా అన్నారు మీ అన్నయ్య.”

“నాకు ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే కొలతలు పెట్టుకుని, అన్నీ సమానంగా కోసుండేవాడివి. ఇదిగో, వంకర అంచు తడిమి తీశాను. ఎర్రదేనా?”

“ఎర్రదే వదినా.”

“నీ చెయ్యి చల్లగా ఉండాలి. గుండీలకు కూడా ఇలాంటిదొకటి చేసిపెట్టు. ఈసారి కూడా కొలవకు.”