నలభై ఏడో మేకు

బ్యాటరీ పరీక్షల గది. మందపాటి అద్దానికి అవతల ఇనుప పెట్టె, అందులో అరచేయంత బ్యాటరీ సెల్, దాని మీద గురిపెట్టిన మేకు. మేకు దిగినా సెల్ అంటుకోకపోతే నెగ్గినట్టు. ఇవతల రెండు స్టూళ్లు. ఒకదాని మీద పరీక్ష చేసే ఆమె. రెండోదాని మీద ఆ సెల్ తయారుచేసినవాడు, ఆమె మరిది.

"అలా అటు తిరిగి కూర్చున్నావేం మరిదీ? నీ బిడ్డేగా, మొహం చూసుకోవా?"

"నువ్వు చూసి చెప్పు వదినా, చాలు. నలభై ఆరుసార్లు చూశాను. నలభై ఆరుసార్లూ కాలిపోయింది."

"ఓహో, నీ చూపు తగిలి కాలాయా! ఇన్నాళ్లూ నా మేకు తగిలి అనుకున్నా."

"నీ మేకు మాత్రం తక్కువదా? పిల్లలకి సూది వేసే నర్సమ్మయినా కాసేపు నవ్వించి పొడుస్తుంది."

"నేనూ నవ్విస్తానుగా. మొన్నటిది పడీపడీ నవ్వి పైకప్పంతా మసి చేసింది. తుడవడానికి నాకు రెండు రోజులు పట్టింది."

"అది పాత పొర. దీంట్లో పొర కొత్తది."

"ప్రతిసారీ కొత్తదే."

"పొరలోనే ఉంది వదినా అంతా. లోపల రెండు రేకులు, మధ్యలో ఈ పొర. విడివిడిగా ఉన్నంతసేపు బుద్ధిగా పనిచేస్తాయి. ఒకదాన్నొకటి తాకాయా, భగ్గుమంటాయి."

"మా అత్తగారూ నేనూ."

"మధ్యలో అన్నయ్య."

"పాపం, ఆయనకి ఇప్పటికి ఎన్ని మేకులు దిగాయో! ఎక్కడైనా చిరిగాడా? ఆయన్నే కోసి పొరగా వేసుంటే నాలుగేళ్ల కిందటే నెగ్గేవాడివి."

"మొదలుపెట్టు వదినా. పైన డైరెక్టరు ఎదురుచూస్తున్నాడు."

"ఏమంటాడు?"

"ఇదే ఆఖరంటాడు. ఇదీ కాలితే పని ఆపేస్తాడట. ఆరుగురం, నాలుగేళ్లు... అంతా చుట్టి అటకెక్కించడమే."

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"ఊఁ అంటే విన్నానని. సరే, రాసుకోనీ. ఎందులో వాడతారు?"

"తెలిసి అడుగుతావేం? చక్రాల కుర్చీలో. సీటు కింద."

"పొర, కొత్తది. ఛార్జింగు?"

"కాగితంలో రాసిచ్చాగా."

"కాగితానికి నోరు లేదు, నువ్వు చెప్పు. నిండుగా ఉందా?"

"ఉంది."

"నిండుగా?"

"నిండుగానే! ఎన్నిసార్లు అడుగుతావ్? వదినవి కదా, కాస్త కనికరం చూపొచ్చుగా."

"వదినను కాబట్టే రెండుసార్లు అడిగాను. పరాయివాళ్లనయితే ఒక్కసారే. దింపుతున్నా."

"ఆగు."

"ఏం?"

"ఏం లేదు. దింపు."

"దింపేశా."

"ఏమైంది?"

"ముప్ఫై నాలుగు డిగ్రీలు."

"పొగ?"

"లేదు. నలభై తొమ్మిది."

"పెరుగుతోందా? గబగబా పెరుగుతోందా?"

"జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన తండ్రిలా అలా ఊపిరాడకుండా అడక్కు. అరవై రెండు."

"వదినా!"

"అరవై మూడు. అరవై మూడే... అరవై మూడే... అరవై ఒకటి."

"తగ్గిందా?"

"తగ్గుతోంది. మంట లేదు, పొగ లేదు. నా పైకప్పు తెల్లగా ఉంది. రెండు రోజుల చాకిరీ తప్పించావు, నీ నోట్లో చక్కెర పోయాలి."

"నిజంగానా?"

"ఇటు తిరిగి చూసుకో. ఏం, ఇంకా అటే? వేరేవాళ్లయితే ఈపాటికి గంతులేసేవాళ్లు."

"ఇంకా గంటసేపు చూడాలిగా."

"చూద్దాం. నాకేం తొందర లేదు. చొక్కా తడిసిపోతోంది నీకు. సెల్ కంటే నువ్వే వేడిగా ఉన్నట్టున్నావ్. ఆ వేడి కొలిచే తీగ ఒకటి నీకూ తగిలించనా?"

"నవ్వించకు వదినా."

"సరే, నవ్వించను. పావుగంటయింది."

"ఊఁ."

"అరగంట. నలభై ఒకటి. డైరెక్టరుకి ఫోన్ చేసి చెప్పరాదూ?"

"తర్వాత."

"మీవాళ్లకి? ఐదుగురూ పొద్దున్నుంచి ఆ తలుపు అవతలే నిలబడ్డారు."

"తర్వాత చెప్తాను."

"మా తోటికోడలికి? నాలుగేళ్లుగా నీ నోట పొర మాట వినీ వినీ ఆమెకి విసుగెత్తిపోయింది. ఆమెకైనా..."

"తర్వాతన్నానుగా!"

"అబ్బో! ఇది నిజంగా భగ్గుమంది."

"తప్పయింది వదినా. ఏదో ధ్యాసలో ఉన్నాను."

"ఫరవాలేదులే. గంటయింది. ఇరవై తొమ్మిది డిగ్రీలు. ఈ పుస్తకంలో నలభై ఆరుసార్లు 'పోయింది' అని రాశాను. 'నిలిచింది' అనే మాటకి వొత్తులేమైనా ఉన్నాయా, ఎప్పుడూ రాయలేదు కదా, మర్చిపోయాను."

"రాయకు."

"ఏం?"

"రాయకు వదినా. అది నిండుగా లేదు."

"ఏది?"

"సెల్. సగమే ఛార్జ్ చేసి ఇచ్చాను. సగం నిండినదానికి మేకు కొట్టినా అంత కాలదు. నాకు తెలుసు. తెలిసే చేశాను."

"కాగితంలో నిండుగా అని ఉంది."

"అబద్ధం రాశాను. నీకూ అబద్ధమే చెప్పాను, రెండుసార్లు."

"ఇప్పుడెందుకు చెప్తున్నావ్? ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఎక్కేస్తే అయిపోయేదిగా."

"గంట నుంచీ అదే అనుకుంటున్నా. ఎక్కేస్తే అయిపోతుందని. కానీ కింద నుంచి మంటొస్తే మనమైతే లేచి పరిగెడతాం. ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు లేవలేరు."

"పని ఆపేస్తారు మరి."

"ఆపేయనీ. ఐదుగురికీ నేనే చెప్పుకుంటాను. పోయిందని రాసెయ్ వదినా."

"నిలిచినదాన్ని పోయిందని నేనెలా రాస్తాను? పొద్దున్నే కొలిచి చూశాను. సగమే ఉంది. మూడు గంటలు ఛార్జింగులో పెట్టి, నిండుగా నింపాకే మేకు దింపాను."