చీమలు కూడా నేర్చుకున్న ఐదో పాఠం

"అందరూ నిలబడి మాట్లాడుకునే మీటింగు ఎప్పుడైనా చూశావా బాబాయ్?" అంటూ ఎఫ్రెన్ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడంటే, సెబూ దీవి రేవు వెనక బెలెన్ కొట్లో ఆ సాయంత్రం ఎవరూ ప్రశాంతంగా కాఫీ తాగే యోగం లేనట్టే. ఫోనులో చూసి నేర్చుకునే పాఠాలు తయారుచేసే కంపెనీలో అతను ఒక జట్టుకి పెద్ద. బాబాయ్ అంటే ఇసిద్రో, ఆ కంపెనీ ఉన్న బిల్డింగుకి వాచ్‌మన్, డ్యూటీ దిగి వచ్చాడు. బెలెన్ మూకుట్లో అరటికాయలు నూనెలో పంచదార వేసి వేయిస్తూ, డబ్బాకి ఆనించిన ఫోను కేసి చూసి చూసి విసుక్కుంటోంది. తెల్లారితే కొట్లవాళ్ళందరికీ అగ్నిప్రమాదాల పరీక్ష. తప్పితే కొట్టు మూతే. ఆ పరీక్ష పాఠాలు చేసింది ఎఫ్రెన్ జట్టే కాబట్టి అతన్ని పొమ్మనలేక ఊరుకుంది.

"ఎఫ్రెన్, ఆ ఐదో పాఠం..." అంది.

"వస్తున్నా అక్కా, అక్కడికే వస్తున్నా. మొదటినించీ చెప్తేగానీ దాని గొప్పతనం తెలీదు. ఇదివరకు మావాళ్ళు ఒక పాఠం చెయ్యడానికి ఆర్నెల్లు కూర్చునేవాళ్ళు. నేనొచ్చి కుర్చీలు తీయించేశాను. అజైల్ అంటారు దీన్ని. కొంచెం చెయ్యి, నేర్చుకునేవాడికి చూపించు, వాడేమన్నాడో విను, దిద్దు, మళ్ళీ చూపించు. గోడ మీద మూడు వరసలు గీశా. 'చెయ్యాలి', 'చేస్తున్నాం', 'అయిపోయింది'. ఒక్కో పాఠానికి ఒక్కో పచ్చకాగితం అంటించా. పని జరిగేకొద్దీ కాగితం ఒక వరసలోంచి ఇంకో వరసలోకి పోతుంది. పొద్దున్నే గోడ ముందు నిలబడి పావుగంట మీటింగు, అంతే."

"పావుగంటలో మీవాళ్ళు గుడ్ మార్నింగులైనా చెప్పుకోగలరా?" అన్నాడు ఇసిద్రో.

"అక్కడే ఉంది కిటుకు. కాళ్ళు నొప్పెడితే నోళ్ళు మూతపడతాయి. పావుగంట కాస్తా ఐదు నిమిషాలైంది. తర్వాత నేను నోరు తెరిచేసరికే అందరూ సీట్లలో ఉండేవాళ్ళు. ఒకరోజైతే నేను ఇంకా లిఫ్టులోనే ఉన్నాను, మీటింగు అయిపోయింది! నేను చెప్పబోయేవన్నీ వాళ్ళు చేసేశారు కూడాను."

"ఆ రోజు సెలవేమో."

"నీకన్నీ వేళాకోళమే బాబాయ్. సరే, మొదటి పాఠం, గ్యాసు గొట్టం మీద. రెండు వారాల్లో తీశాం. రెండోది రెండు రోజుల్లో. మూడోది పొగ మీద, మధ్యాహ్నం భోజనానికీ కాఫీకీ మధ్యలో చేశా. ఎంత బాగా కుదిరిందంటే, పక్క దీవి మాక్టన్‌లో ఒక ముసలమ్మ పొయ్యి దగ్గర ఆ పాఠం పెట్టుకుని చూస్తుంటే పొగ తనంతట తనే తలవంచుకుని కిటికీలోంచి బయటికి పోయిందిట. నాలుగో పాఠానికి ఏమైందో తెలుసా? ఊళ్ళో మంటలే ఆగిపోయాయి. ఫైరింజనువాళ్ళకి పనిలేక, ఆ బండితో పెళ్ళివారి పూలతోటకి నీళ్ళు పోశారు!"

ఇసిద్రో కాఫీ పొలమారి దగ్గాడు. "మరి మొన్న మా వీధిలో కాలిందేమిటి?"

"వాళ్ళు నా పాఠం చూసుండరు."

"ఐదోది," అంది బెలెన్, గరిటె చేతిలోనే ఉంచుకుని. "నూనెకి మంట అంటుకుంటే ఏం చెయ్యాలో, ఆ పాఠం."

"ఇదిగో, అదే! వినండి. ఐదో పాఠం కాగితం 'చెయ్యాలి' వరసలోనే ఉంది. నేనింకా ముట్టుకోలేదు. అలా కాస్త బయటికెళ్ళి వచ్చేసరికి, 'అయిపోయింది' వరసలో ఉంది! అడిగితే జట్టులో ఎవరూ చెయ్యలేదన్నారు. అప్పుడర్థమైంది నాకు. నా పని నాకంటే ముందు పరిగెడుతోంది. నేను అనుకున్నాను, అది అయిపోయింది. ఇంకో చిత్రం చెప్పనా? కిటికీ దగ్గర్నించి గోడ పొడుగునా చీమలు బారు కట్టి ఆ కాగితం దగ్గరికి వస్తున్నాయి. పక్క కాగితాల వంక ఒక్క చీమ చూడలేదు. చీమలు కూడా నా పాఠం నేర్చుకోడానికి వచ్చాయంటే, ఇంక మనుషుల సంగతి చెప్పాలా? వెంటనే ఐదు పాఠాలూ కొట్లవాళ్ళందరి ఫోన్లకీ పంపించేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అంది బెలెన్.

ఆమె మూకుడు కింద మంట తగ్గించింది. "ఆ రోజు మీ ఆఫీసుకి కాఫీలూ అరటికాయలూ తెచ్చింది నేనే. తలుపు తియ్యగానే ఫ్యాను గాలికి ఒక కాగితం ఊడి నా పళ్ళెంలో పడింది. పాకం అంటుకుంది. ఒక చేత్తో పళ్ళెం, తలుపు పక్కన గోడ మీద చేతికందిన చోట అతికించి వచ్చేశాను. మీ వరసల సంగతి నాకేం తెలుసు? చీమలు వచ్చింది నా పాకానికయ్యా, నీ పాఠానికి కాదు."

ఇసిద్రో పగలబడి నవ్వాడు. బెలెన్ నవ్వలేదు.

"పొద్దుట్నించీ ఆ ఐదో పాఠం తెరుస్తున్నాను. తెల్లగా వస్తోంది. నా ఫోను పాతదేమోనని బాబాయ్ ఫోన్లో చూశా. అందులోనూ అంతే. ఒకే ఒక్క మాట ఉంది. నీ పేరు." ఆమె గరిటె పక్కన పెట్టింది. "కాగితం తప్పు చోట అతికించింది నేనే, ఒప్పుకుంటా. కానీ ఇందాక ఏదో అన్నావే, నేర్చుకునేవాళ్ళకి చూపించాలీ అని. ఒక్కళ్ళకి చూపించావా? రేపు పరీక్షలో ఇదే అడిగితే నా కొట్టు ఏం కావాలి?"

ఎఫ్రెన్ ఫోను తీసి చూసుకున్నాడు. తన పేరు తళతళలాడుతోంది, కింద అంతా ఖాళీ.

"ఇప్పుడే చేసేస్తా అక్కా, ఎంతసేపు..." అంటూ సర్దుకోబోయాడు. బెలెన్ అతన్ని లేవమని సైగ చేసి, కాలితో స్టూలు అవతలికి తోసేసింది.

"మీ మీటింగులో కుర్చీలుండవుగా? నిలబడు."

నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "ఒకసారి నేను కొబ్బరి చెట్టంత నూనె మంటని..."

"నీ మంట వద్దు. నా మూకుడు సంగతి చెప్పు."

ఎఫ్రెన్ కాసేపు మూకుడు వంక, కొంచెంసేపు ఆమె వంక చూశాడు. తర్వాత ఇసిద్రో ఎన్నడూ వినని మాట ఒకటి అతని నోట్లోంచి వచ్చింది. "మంట లేస్తే నువ్వు ముందు ఏం చేస్తావక్కా?"

"కెవ్వుమని అరుస్తా."

"సరే, అక్కణ్ణించి మొదలెడదాం," అని ఫోనులో రాసుకున్నాడు. పొయ్యి కట్టెయ్యడం, మూత పెట్టడం, నీళ్ళు పొయ్యకపోవడం, ఒక్కొక్కటే రాసి చూపించాడు. అర్థం కాలేదంది, దిద్దాడు. మూత ఏ చేత్తో ఎటునించి పెట్టాలని అడిగింది, బొమ్మ గీశాడు. ఆ బొమ్మలో మూకుడు టోపీలా ఉందన్నాడు ఇసిద్రో, మళ్ళీ గీశాడు. వీధి దీపాలు వెలిగాయి. ఎఫ్రెన్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ స్టూలు వంక ఆశగా చూశాడు.

"అయిపోయిందక్కా. ఇంక కూర్చోనా?"

బెలెన్ ఫోను అందుకుని మొదటినించీ చదవడం మొదలుపెట్టింది.

"అయిపోయిందో లేదో నేను చెప్తా. నిలబడు."