తెల్ల ఫిల్టరు

"ముట్టుకోకు! ఆ డబ్బా మీద చెయ్యేశావంటే విరిచేస్తా!"

బామ్మర్ది చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. వర్క్‌షాపు బల్ల మీద వాపసొచ్చిన ఇన్-ఇయర్ డబ్బాలు ముప్పై ఏడు, ఒక్కో దాంట్లో చెవి లోపల దోపుకునే ఇయర్‌ఫోన్ల జత. బల్లకు అవతల, ప్రతి జతకూ తన చెవితోనే శబ్దం కుదిర్చే బావ. ఇద్దరి మధ్యా వాపసుల రిజిస్టరు పట్టుకుని అక్క.

"బావా, ఒక్క మాట విను..."

"విన్నానురా. పొద్దున్నే ఆ గాయని తిట్లు ఫోన్‌లో విన్నా. అంత మంది జనం ముందు, పాట మధ్యలో చెవుల్లోంచి పీకి నేలకేసి కొట్టిందట! 'స' అన్నప్పుడల్లా సూదితో పొడిచినట్టుందట. నేను కుదిర్చిన జతలో సూది!"

"ఆవిడొక్కతే కాదుగా బావా, ముప్పై ఏడు మంది..."

"అదే అంటున్నా! ముప్పై ఏడూ ఒకేసారి ఎలా చెడతాయి? ఎవడో చెయ్యి పెట్టాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతా. ఇవాళే పడతా."

"ఏవండీ, కాస్త నెమ్మది. అబ్బ, ఏంటిది, చెవులు జివ్వుమంటున్నాయి! వీధిలో ఇనుమేదో కోస్తున్నట్టున్నారు. ఉండండి, కిటికీ వేస్తా."

"తమ్ముడి మీద ఈగ వాలితే చాలు, నీకు కిటికీలు గుర్తొస్తాయి. వేసి ఇటు రా. రిజిస్టర్లో 'బాధ్యుడు' అని గడి ఉందా? అందులో నీ చేత్తోనే మీ తమ్ముడి పేరు రాయి. రాశాక వాడు బయటికి నడుస్తాడు. మళ్ళీ ఈ గడప తొక్కడు."

"నేను రాయను."

"రాయి!"

"రాయనంటే రాయను. వాడు చేశాడని ఎవరు చెప్పారు?"

"ఇదిగో, ఇది చెప్పింది. పోయినేడు అమ్మిన జత. తీగ తెగి పోయిన నెల మరమ్మతుకొచ్చింది. మూతి విప్పి చూస్తే లోపల ఆకుపచ్చ ఫిల్టరు! నేను పెట్టమన్నది పల్చటి తెల్లది. వీడు పెట్టింది మందపుది. సన్నటి పై శబ్దాలన్నిటి మీదా దుప్పటి కప్పేశాడు. ఒరేయ్, మార్చింది నువ్వేనా?"

"అంటే... అదీ..."

"అవునా, కాదా?"

"అవును."

"విన్నావటే? ఎన్నాళ్ళ నుంచిరా?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళు! నేను విని, సరిచూసి, సంతకం పెట్టి అటు వెళ్ళగానే, నువ్వు వెనక నుంచి... రెండేళ్ళ పాటు నా చెవిలో పువ్వు పెట్టావురా! ఎన్ని జతలు?"

"అన్నీ."

"అన్నీనా?"

"అన్నీ బావా."

"ఏవండీ, నేనో మాట అడగనా?"

"అడక్కు."

"అడుగుతా. ఈ రెండేళ్ళలో శబ్దం బాగోలేదని ఎన్ని వాపసొచ్చాయో తెలుసా? రెండు. అందులో ఒకటి పిల్లి కొరికింది."

"అయితే? వీడికి సన్మానం చెయ్యాలా?"

"అది కాదు బావా. ఈ ముప్పై ఏడూ నేను ముట్టలేదు. ముట్టడానికి వీల్లేదు. ఆ పాత జత విప్పిన రోజే నువ్వు ఫిల్టర్ల బీరువాకు తాళం వేశావు. తాళంచెవి నీ జేబులోనే తిరుగుతోంది. ఈ బ్యాచంతా నీ చేత్తోనే బిగించావు, సీలు కూడా నువ్వే వేశావు."

"దొంగ తాళంచెవి చేయించి ఉంటావు!"

"అయితే ఒకటి విప్పి చూడు."

"చూస్తా. నాకేం భయమా?"

"ఏ రంగు బావా?"

"ఉండు."

"ఏ రంగు?"

"...తెల్లది. ఇంకోటి విప్పుతా."

"విప్పు."

"తెల్లదే. అయితే ఏంటి? అయితే ఏంట్రా! జనాల చెవులు చెడిపోయాయి. ధన్ ధన్ మని బేస్ కొడితే చాలు, అదే సంగీతం అనుకుంటున్నారు. ఆ పోటీ కంపెనీ జత చూడు. మన దానికి రెట్టింపు ధర! పెట్టుకో, నేను రోజూ సరిచూసే పాట విని చెప్పు. గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టు లేదూ?"

"లేదు బావా. పాటలో ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది."

"ఏ ఊపిరీ లేదు."

"ఉంది బావా. పల్లవికి ముందు ఒకటి, చరణానికి ముందు..."

"లేదంటున్నానా! ఆ పాట వందసార్లు విన్నా. ఊపిరీ లేదు, ఆవిరీ లేదు. అయినా ఇది రుచికి సంబంధించింది. ఒకడికి ఉప్పెక్కువ కావాలి, ఒకడికి తక్కువ. నా రుచి నాది."

"రుచే అయితే నేనెందుకు మారుస్తాను? ఇన్నేళ్ళూ నీ రుచి తిన్నవాణ్ణేగా. అంతకుముందు ఒక్క ఫిల్టరైనా మార్చానా?"

"మరి రెండేళ్ళ కిందట ఏమొచ్చింది నీకు రోగం?"

"నాకు కాదు బావా."

"ఎవరికి మరి? నాన్చకు! తప్పెవరిదో పేరు చెప్పు."

"వద్దు బావా."

"పేరు చెప్పరా!"

"నోటితో చెప్పలేకే... ఉండు, ఈ కంప్యూటర్ స్క్రీన్ నీ వైపు తిప్పుతా. చూడు."

"ఏముంది ఇందులో? పదివేల హెర్ట్జ్. సన్నటి పరీక్ష కూత. ఏరా, నాకే పరీక్షా? సరే, పెట్టు. స్పీకర్లో పెట్టు. కళ్ళు మూసుకుని చెప్తా ఎంత వాల్యూమ్‌లో ఉందో."

"బావా..."

"పెట్టమంటుంటే ఏంట్రా గుడ్లప్పగించి చూస్తావు?"

"నువ్వు గదిలోకి రాకముందే పెట్టాను బావా."

"...అబద్ధం."

"అక్కనడుగు."

"ఏమే?"

"కిటికీ వేసినా ఆగలేదండీ. ఇప్పటికీ జివ్వుమంటూనే ఉంది."

"నీకు... నీకు ముందే తెలుసా?"

"కూత సంగతి తెలియదు. మీ సంగతి తెలుసు. పాపకు జ్వరమొచ్చినప్పుడు థర్మామీటరు చేతిలో పట్టుకుని, మోగిందా అని నన్నడిగారు చూడండి, ఆ రోజే తెలిసింది. అది అప్పటికే మూడుసార్లు మోగింది."

"తెలిసీ నోరు మూసుకున్నావన్నమాట. అక్కాతమ్ముళ్ళిద్దరూ కూడబలుక్కుని! ఊళ్ళో వాళ్ళందరికీ నన్ను బంగారు చెవి అని చూపించి, వెనక వీడు... ఛీ! ఆపు దాన్ని."

"ఆపేశా బావా."

"ఆపమంటుంటే!"

"ఆపేశాను బావా. ఎప్పుడో ఆపేశాను."



"ఏవండీ, కూర్చోండి. కాసిన్ని మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళొద్దు. ఆ రిజిస్టరు ఇటు తే."

"ఇప్పుడెందుకండీ అది?"

"తెమ్మంటుంటే! పెన్ను కూడా. రెండేళ్ళు ఇద్దరికీ నోరు పెగల్లేదుగా, నేనే రాస్తా. ముప్పై ఏడు గడులకూ ఒకటే పేరు. పైకి చదువుతా, మీకైతే బాగానే వినబడుతుందిగా. బాధ్యుడు: నేను."