పోస్టుమాన్ పన్ను నొప్పి

అమెరికాలోని నెబ్రాస్కాలో ఆవులు ఈనే మార్చి నెల. ఊరికున్న ఒక్క క్లినిక్‌లో డాక్టరు పనంతా ఒంటిచేత్తో నెట్టుకొచ్చే ఫిజీషియన్ అసిస్టెంట్ మార్లిస్, పదేళ్లకోసారి రాయక తప్పని పరీక్షని, ఒకసారి ఫెయిలై, రెండోసారి రాయడానికి పొద్దున్నే లింకన్ నగరానికి బయల్దేరింది. పికప్ ఆవిడే నడుపుతోంది. పక్క సీట్లో ప్రశ్నల పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొగుడు ఎల్డన్. ఆవులంటే ప్రాణం, ఆస్పత్రి మాటెత్తితే చెవుడు వచ్చే రకం.

"ఆగాగు. ప్రశ్న పూర్తిగా వినకుండానే జవాబు చెప్పేస్తే ఎట్లా?"

"వినక్కర్లేదు. కాలి బొటనవేలు ఎర్రగా వాచింది, దుప్పటి తగిలినా కేక పెడుతున్నాడు అన్నావుగా. గౌటు. అచ్చం వెన్..."

"వెండెలా?"

"నేను పేరు చెప్పలేదు."

"వెన్ అన్నావు."

"వెన్న మానెయ్యాలి అనబోయాను."

"వెన్నేంటి? ఇక్కడ బీరూ మాంసమూ తగ్గించాలని రాసుంది."

"చూడు ఎల్డన్, పేషెంటు సంగతి బయటపెట్టకూడదు. నా ఉద్యోగం ఊడుతుంది."

"ఓసి పిచ్చిదానా, వెండెల్ ఒక కాలికి బూటూ ఇంకో కాలికి పెళ్ళాం చెప్పూ వేసుకుని చర్చికొచ్చాడు. వాడి బొటనవేలు సంగతి ఫాదర్ గారి పిల్లికి కూడా తెలుసు."

"తెలిస్తే తెలియనీ. నా నోటి నుంచి మాత్రం రాలేదు. తర్వాతిది చదువు."

"యాభై దాటిన ఆడమనిషి. ఎండాకాలంలో కూడా చలి అంటుంది, జుట్టు రాలుతుంది, తినకపోయినా లావెక్కుతుంది, ఎప్పుడు చూసినా నిద్రమత్తు..."

"థైరాయిడ్. రక్త పరీక్ష చేయించాలి."

"ఇది మీ అక్క ఆర్డిత్ కదూ?"

"నేను ఒక్క అక్షరం కూడా..."

"జూలైలో స్వెట్టరేసుకుని తిరిగే మనిషి జిల్లా మొత్తానికి ఒక్కతే మార్లీ."

"నాకు రోగాలు పుస్తకంలోంచి గుర్తుండవు. మనుషుల్లోంచే గుర్తుంటాయి. ఏం చెయ్యను? కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒక్కో ప్రశ్నలోంచీ ఒక్కో మొహం పైకి లేస్తుంది. ఆ మొహాలతో మాట్లాడుతూ కూర్చుంటే టైము అయిపోతుంది. పోయినసారి తప్పింది అందుకే."

"పోయినసారి తప్పింది పరీక్ష ముందురోజు రాత్రంతా జబ్బుపడ్డ మన ఆవు దగ్గర నాతోపాటు నువ్వూ కూర్చోబట్టి."

"అదీ ఉందిలే. ఇదిగో, వెనక డబ్బాలో కొలాచీ బన్నులున్నాయి, తీసుకో. గసగసాలవి, నీకిష్టమని తెల్లారకముందే లేచి చేశాను."

"తర్వాత తింటాలే."

"ఏంటి? కొలాచీ వద్దా? నువ్వు?"

"పన్ను బాలేదని పొద్దున చెప్పానుగా."

"మరి ఇందాకట్నుంచీ ఏంటి నములుతున్నావు?"

"పిప్పరమెంటు."

"వాసన రాదేం?"

"పాతది. మార్లీ, రోడ్డు చూసి నడుపు. ఆ లారీవాడికి మనమీద కోపం రాకముందే పక్కకి తప్పుకో."

"చూస్తూనే ఉన్నాను. నాకు నవ్వొస్తోంది తెలుసా? మనమ్మాయి పుట్టిన రోజు చెయ్యి విరిగి కట్టుతో ఉండి కూడా ఒంటిచేత్తో ఆస్పత్రి దాకా నువ్వే నడిపావు. నేను నొప్పులు పడుతూ గేర్లు వేశాను. అలాంటివాడివి ఇవాళ బండి తాళం నా చేతిలో పెట్టావు."

"పుస్తకం చదవాలా వద్దా? చదువుతూ నడపమంటావా?"

"అది కాదు. ఆవులు ఈనుతుంటే నువ్వు గేటు దాటడం నా కాపురంలో చూడలేదు. మీ తమ్ముడి పెళ్ళికి కూడా మార్చిలో పెట్టాడని వెళ్ళలేదు."

"వాడికి నెల చూసుకునే బుద్ధి లేదు. పక్క పొలం డెల్మార్ చూసుకుంటానన్నాడుగా మన ఆవుల్ని."

"డెల్మార్ మంచోడు."

"వాడి గుండెలో కూడా ఏదో వేశారు కదా? స్టెంటో ఏదో."

"నాకేం తెలీదు."

"మార్లీ! వాడు పోల్కా డ్యాన్సు మధ్యలో ఆగి మణికట్టు చూపిస్తాడు, 'ఇక్కణ్ణించి దూరి గుండె దాకా వెళ్ళారు' అని. పోయిన శనివారం డ్యాన్సు హాల్లో తన మనవరాళ్లని కూడా అలసగొట్టేశాడు."

"సరేలే, నువ్వే చెప్పావు కాబట్టి, నేను కాదు. అవును. తొందరగా క్లినిక్కి వచ్చాడు, తొందరగా బాగయ్యాడు. మూడోనాడు ఇంటికొచ్చి పంది మాంసమూ పుల్ల క్యాబేజీ కూరా కావాలని పెళ్ళాంతో పోట్లాడాడు."

"మూడోనాడా? అంతేనా?"

"అంతే. ఏం?"

"ఊరికే. ఇంకోటి చదువుతా. నలభై ఎనిమిదేళ్ల రైతు. మెడ మీద మచ్చ. అంచులు చెదిరాయి, రంగు మారింది, ఈ మధ్య పెరిగింది. తర్వాత చెయ్యాల్సింది ఏంటి?"

"అది ఎవరంటే... కాదు. మచ్చ. కోసి పరీక్షకి పంపాలి. ముందు అడుగుతాను, నాట్లు ఎప్పుడవుతాయి అని. అవగానే రమ్మని..."

"తప్పు."

"తప్పేంటి?"

"ఇక్కడ బి అని ఉంది. వెంటనే కోసి పంపాలి. నాట్ల మాట లేదు."

"పుస్తకంలో నాట్లుండవు ఎల్డన్! నేను వెంటనే అంటే వాడు సరేనని తల ఊపి వెళ్ళిపోతాడు, మళ్ళీ కనబడడు. 'నాట్లయిన మర్నాడు పొద్దున రా' అంటే వస్తాడు. మన వాళ్ళకి అట్లా చెబితేనే ఎక్కుతుంది."

"నాకు తెలీదా? నేనూ మన వాళ్ళలో ఒకణ్ణే. కానీ నువ్వు 'తర్వాత' అన్నప్పుడల్లా తప్పు పడుతోంది. నేను చూస్తున్నా. బయల్దేరినప్పట్నుంచీ ఇది నాలుగోది."

"లెక్కపెడుతున్నావా!"

"నువ్వే పెట్టమన్నావుగా."

"నిజమే. పోయినసారి కూడా అందులోనే పోయుంటాయి. మనుషులతో బేరాలాడీ ఆడీ నాకు 'వెంటనే' అనే మాట మర్చిపోయినట్టుంది. ఎల్డన్, నాకు భయంగా ఉంది."

"భయమెందుకు?"

"నా లైసెన్సు గడువు ఈ ఏడాదితో సరి. పోతే క్లినిక్ మూసేస్తారు, ఇంకెవరొస్తారు ఈ ఇసక దిబ్బల మధ్య మన ఊరికి? వెండెల్ ఆ వేలుతో గంటన్నర దూరం పోతాడా? పోడు. ఆర్డిత్ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంటూ కూర్చుంటుంది. నా ఒక్కదాని పరీక్ష కాదిది."

"అమ్మయ్య, మొత్తానికి పేర్లు నువ్వే చెప్పావు."

"నవ్వకు!"

"నవ్వట్లేదు. నువ్వు పాసవుతావు. రోగం నీ చేతికి దొరక్కుండా పోవడం నేను చూడలేదు. ఒక్క 'వెంటనే' గుర్తుపెట్టుకో, చాలు."

"వెంటనే. వెంటనే. వెంటనే. సరే. ఈసారి పరీక్ష హాలు దగ్గరికి తిన్నగా పోదాం. పోయినసారిలాగా పక్కనున్న పెద్దాస్పత్రి పార్కింగులోకి దూరి, అక్కడ వాళ్ళతో వాదన పెట్టుకోకు."

"ఆ ఆస్పత్రివాడు నన్ను చక్రాల కుర్చీలో కూర్చోమన్నాడు మార్లీ! నడుచుకుంటూ వెళ్ళినవాణ్ణి!"

"నీ మొహం అట్లా ఉంది మరి. హాలు దగ్గర నన్ను దింపి నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తానన్నావు, ఎక్కడది?"

"అక్కడే, రెండు వీధులవతల. పీకేస్తే పీడా పోతుంది."

"ఎప్పట్నుంచి బాలేదు? ఇవాళ్టిదాకా ఒక్కసారైనా చెప్పలేదే."

"పన్నే కదా. ఇంకొక్క ప్రశ్న చదవనా? ఇదే ఆఖరు. లింకన్ దగ్గరపడుతోంది."

"చదువు. పూర్తిగా వింటాను ఈసారి."

"యాభై తొమ్మిదేళ్ల... పోస్టుమాన్."

"పోస్టుమాన్. మొహం ఎవరిదీ రావట్లేదు, మంచిదే. ఊఁ."

"ఎడం వైపు కింది దవడ నొప్పి. క్రిస్మస్ తర్వాత మొదలైంది. బరువు లాగినప్పుడు వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. పన్నే అనుకున్నాడు."

"అందరూ అట్లాగే అనుకుంటారు. చెయ్యి నొప్పి ఉందా?"

"ఉంది. ఎడమ చెయ్యి. బరువుగా... స్టీరింగు పట్టుకోవాలన్నా... అంటే, ఉత్తరాల బండి స్టీరింగు."

"చెమటలు?"

"చలిలో కూడా."

"ఇది పన్ను కాదు, గుండె. ఇంకా ఏముంది?"

"మొదట్లో దూడని లాగినప్పుడే వచ్చేది. ఈ వారం బూట్లేసుకుంటుంటే కూడా వచ్చింది."

"ఏం లాగినప్పుడు?"

"బరువు. బరువు లాగినప్పుడు."

"దూడ అన్నావు."

"అచ్చుతప్పయ్యుంటుంది."

"పోస్టుమాన్ దూడనెందుకు లాగుతాడు ఎల్డన్?"

"ఈ పుస్తకాలు రాసేవాళ్ళు పట్నంలో ఉంటారు, వాళ్ళకేం తెలుసు? జవాబులు చదువుతా, విను. ఏ: పన్ను పీకించుకోవాలి. బి: వేడినీళ్ల కాపడం పెట్టుకోవాలి. సి: ఆవులు... ఉత్తరాలు పంచడం అయిపోయాక చూపించుకోవాలి. డి: పెళ్ళాంతో చెప్పాలి."

"డి ఏంటి? అట్లాంటి జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు."

"ఇందులో ఉంది. నాకైతే సి బాగుందనిపిస్తోంది. ఇంతకాలం ఆగినవాడు ఇంకో రెండు మూడు వారాలు ఆగలేడా? నువ్వే అన్నావుగా, మన వాళ్ళకి తారీకు చెబితేనే..."

"కాదు. బూట్లేసుకోవడానికే వస్తోందంటే ఇంక తారీకుల్లేవు. వెంటనే. ఆస్ప్రిన్ నమలమనాలి..."

"నమిలాడు."

"ఎప్పుడు?"

"పొద్దున. వాళ్ళావిడ సంచీలోంచి కాజేశాడు. ఇప్పుడు దారిలో ఇంకోటి. చేదుగా ఉంటుందట."

"ఆ పిప్పరమెంటు..."

"మార్లీ? రోడ్డు చూడు."

"చూస్తున్నాను. ఇప్పుడు నొప్పుందా అతనికి?"

"ఇప్పుడు లేదు. ఒట్టు. చేతులు ఒళ్లో పెట్టుకుని పెద్దమనిషిలా కూర్చుంటే బానే ఉంటుందట."

"ఊపిరి?"

"ఆడుతోంది. మాట్లాడుతున్నాడుగా."

"ఎల్డన్, ఏ పేజీ అది?"

"ప్రశ్న అయిపోలేదు. ఇంకా ఉంది. ఆ పోస్టుమాన్ పెళ్ళానికి ఇవాళే పెద్ద పనుంది. ఏడాదంతా కష్టపడింది దానికి. ఊరు మొత్తం ఆవిడ మీదే ఆధారపడుంది. వాడికేమో నోరు రావట్లేదు. ఆ పనేదో అయ్యాక సాయంత్రం చెబుదామనుకున్నాడు. తప్పా?"

"పెద్ద తప్పు. పని ఇంకో రోజు చేసుకుంటుంది. కావాలంటే పది సార్లు చేసుకుంటుంది. వాడు లేకపోతే ఆవిడ ఆ పని ఎవరికోసం చేసుకోవాలట?"

"అట్లాగంటుందా ఆవిడ?"

"అంటుంది. తిట్టి మరీ అంటుంది. డెల్మార్‌కి వేసినట్టే మణికట్టులోంచి వేస్తారు, మూడోనాడు పుల్ల క్యాబేజీ కోసం పోట్లాడతాడు, వేసవికల్లా నాతో... ఆవిడతో పోల్కా ఆడతాడు. పేజీ చెప్పు."

"ఇంకొక్కటి. వాడు మొండివాడు. ఆస్పత్రి అంటేనే పారిపోయే రకం. నే రాను అంటే ఏం చేస్తావు?"

"గొడ్డుని ఎక్కించినట్టు మెడ పట్టుకుని బండెక్కిస్తాను. వినబడుతోందా నీకు? ఏ పేజీ అని అడుగుతున్నాను!"

"పుస్తకం ఎప్పుడో మూసేశాను మార్లీ. వాడు బండెక్కే కూర్చున్నాడు, సీటుబెల్టు కూడా పెట్టుకున్నాడు. ఈసారి ఆ ఆస్పత్రి పార్కింగులోకే పోనీ, చక్రాల కుర్చీలో కూర్చుంటాను."