చెప్పకుండా వెళ్లిపోయింది

ఆ కాయితం లేదంటారేమిటి బాబూ? మనిషి పారిపోయిందని రాసివ్వడానికి కాయితం ఉంది. మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పంపించాను, రెండు నిమిషాలు పట్టలేదు. పారిపోలేదని రాసివ్వడానికి మాత్రం ఇంత పెద్ద ఇమిగ్రేషన్ ఆఫీసులో ఒక్క కాయితం లేదా?

తెలుసండీ, మీ భోజనం వేళయింది. పొద్దున తొమ్మిదికి వచ్చాను నేను. రెండో కిటికీ దగ్గరికి పొమ్మన్నారు. రెండో కిటికీ వాళ్లు ఐదో కిటికీకి పొమ్మన్నారు. ఐదో కిటికీ మీరు. ఆ పక్కన గోడే ఉంది కాబట్టి ఇక మీరు వినాలి.

నా పేరు ప్యో మాల్‌సున్. డెబ్బైకి రెండు తక్కువ. మీరు మాంసం చుట్టుకు తినే పెరిల్లా ఆకు, ఏడు ప్లాస్టిక్ షెడ్లలో పండిస్తాను. మొన్న శుక్రవారం మీ వాళ్లు మా ఊరొచ్చి వ్యానులో ఎక్కించుకుపోయారే, చంతూ అని, కంబోడియా పిల్ల, అది నా దగ్గర పనిచేసే మనిషి. ఈ మేడ మీదే ఎక్కడో గదిలో ఉంచి తాళం వేశారట. రేపు మధ్యాహ్నం విమానం ఎక్కిస్తారట.

అక్రమమా? ఒప్పుకుంటాను. ఎలాంటి అక్రమమో వినండి మరి. మూడేళ్లుగా అదే షెడ్డు, అదే వరస, నడుముకి కట్టుకునే అదే చక్రాల పీట. మే పన్నెండున ఆ పీట మీద కూర్చున్న పిల్ల సక్రమం. పదమూడున అదే పీట మీద అక్రమం. మధ్యలో అది చేసిన నేరమల్లా నిద్రపోవడం.

నవ్వకండి. మీరు రాసుకున్న చట్టమే.

సక్రమంగా మనిషిని తెచ్చుకోరాదా అంటారు. తెచ్చుకోవచ్చు. అర్జీ పెట్టి ఏడాది కూర్చోవాలి. ఆకు కూర్చుంటుందా? నాలుగు రోజులు కొయ్యకపోతే అరచేతంతది అప్పడమంతై కూర్చుంటుంది, ఒక్క హోటలువాడూ ముట్టడు. అందుకే మా ఊళ్లో సగం మంది కాయితాల్లేనివాళ్లే. మీకు తెలియదా? వెల్లుల్లి తవ్వేటప్పుడు మీ వ్యానుకి మా ఊరి దారే గుర్తుండదు. తవ్వకాలయ్యాక ఎంత బాగా గుర్తొస్తుందో.

ఆ అర్జీకి పనివాళ్లుండే గది ఫొటో జతచేయాలి కదా. మా ఊరి పెద్ద చో గారింట్లో చుట్టాల గది ఒకటుంది. వేడి నేల, పూల పరుపు, గోడకి కొంగబొమ్మ క్యాలెండరు. పదకొండు ఇళ్లవాళ్లం ఆ ఒక్క గదినే ఫొటో తీసి పంపాం. పదకొండిటికీ ముద్ర పడింది. పదకొండు ఇళ్లలో కొంగ ఒకే కాలి మీద ఒకేలా ఎందుకు నిలబడిందని ఒక్కరూ అడగలేదు. చంతూ ఎక్కడ పడుకునేదంటారా? షెడ్డు వెనక ఇనప కంటైనరు డబ్బాలో. అదీ రాసుకోండి.

అసలు సంగతికి వస్తున్నాను. దాని అక్క గిమ్హే పట్నంలో బోల్టుల ఫ్యాక్టరీలో ఉంది. నేనూ అక్కడికి మారతాను అమ్మమ్మా, సంతకం పెట్టు అని చంతూ నన్నడిగింది. పనిచేసేది అది, మారాలనుకునేది అది, సంతకం మాత్రం నాది. ఆ రూలు రాసినాయన, మీ ఉద్యోగం మారాలంటే మీ పై ఆఫీసరు కాళ్లు పట్టుకోవాలని కూడా రాశాడా? లేదు కదా.

నేను పెట్టలేదు. చలికాలం పోనీ అన్నాను. వసంతం పోనీ అన్నాను. అది మళ్లీ అడగలేదు.

మే మొదట్లోనే అక్కకి కడుపు ఆపరేషనయింది. చంతూ వారం రోజులు వెళ్లింది. ఐదు రోజులు చెప్పకుండా రాకపోతే మీకు తెలియజెయ్యాలట యజమాని. ఆరో రోజున తెలియజేశాను. ఎనిమిదో రోజు పొద్దున్నే అది వచ్చి పీట కట్టుకుని ఆకు కోసుకుంటోంది.

ఇక్కడ ఆగండి. మీరు రాసేది సరిగా రాయాలి.

అది చెప్పే వెళ్లింది. నా వంటగదిలో నిలబడి, ఏ బస్సుకి వెళ్లేదీ ఏ బస్సుకి వచ్చేదీ చెప్పింది. దారిలో తినమని నేనే అన్నం పెట్టి కింబాప్ చుట్టి ఇచ్చాను. ఆ చేత్తోనే 'చెప్పకుండా వెళ్లిపోయింది' అన్న గడిలో గుర్తు పెట్టాను.

ఎందుకా? చో గారు చెప్పారు. పోయిందని రాస్తే కొత్త మనిషినిస్తారు, పాతది ఎక్కడికీ పోదు, ఇద్దరవుతారు అని. కాయితాలున్న పిల్ల సంతకం అడుగుతుంది. కాయితాల్లేని పిల్ల ఏమీ అడగదు. అంతే బాబూ, నా తెలివి.

మీరు మాత్రం తక్కువా? నన్నడిగారు, దాన్నడగలేదు. అడుగుతూ ఒక ఉత్తరం పంపారు, నిజమే. ఎవరి చిరునామాకి? నా చిరునామాకి. పోస్టుమాను నా చేతిలో పెట్టాడు. చింపి, చదివి, పొయ్యిలో వేశాను. జవాబు రాలేదని మే పదమూడున దాని వీసా కొట్టేశారు. ఎనిమిది నెలలు అది తను అక్రమమని తెలియకుండానే ఆకు కోసింది. వ్యాను వచ్చిన రోజు గుర్తింపు కార్డు తీసి చూపించింది మీవాళ్లకి, నవ్వుతూ.

శిక్ష తెలుసు. మూడేళ్లు నాకు మనిషినివ్వరు. షెడ్లు ఎండిపోతాయి. ఎండిపోనివ్వండి, రాయండి.

ఏమిటి? విచారణకి ఇరవై రోజులా?

విమానం రేపు కదా బాబూ. నా అబద్ధాన్ని నమ్మడానికి మీకు ఏ విచారణా అక్కర్లేకపోయింది. నిజం నమ్మడానికి ఇరవై రోజులా?

వ్యాను ఎక్కుతూ అది నాకే ధైర్యం చెప్పింది. కంగారు పడకు అమ్మమ్మా, కాయితంలో ఏదో పొరపాటు జరిగుంటుంది, నువ్వొచ్చి ఒక్క మాట చెబితే వదిలేస్తారు అని.

వచ్చాను. చెప్పాను. మేడ మీదికి మెట్లెటు?